పండితా రమాబాయి: బిరుదార్థ విచారము

వ్యాకరణపాఠమున స్త్రీప్రత్యయ ప్రకరణము వచ్చినపుడు ఆచార్యశబ్దముకడఁ గొంత నిలువవలసియుండును. ఆచార్యుని భార్య ఆచార్యానీ యనఁబడును. తానే శాస్త్రమును వ్యాఖ్యానించి చెప్పఁగలిగిన స్త్రీ ఆచార్యా యనఁబడును. ఉపాధ్యాయశబ్దమునకును ఇట్టి వివేకమే కలదు. అధ్యాపకుని యిల్లాలు ఉపాధ్యాయానీ. స్వయముగాఁ జదువు చెప్పునది ఉపాధ్యాయా. ఉపాధ్యాయీ యను రూపము మాత్రము రెండర్థములందును సాధువు. ఒకటి పుంయోగమువలనఁ గలిగిన పేరు. వేఱొకటి స్వవిద్యవలనఁ గలిగిన పేరు. మహాభాష్యమునందు ఆపిశలి శాస్త్రము నభ్యసించిన బ్రాహ్మణియు, కాశకృత్స్ని మీమాంసను జదివిన బ్రాహ్మణియు ఉదాహరణములుగాఁ గానవత్తురు. పతంజలినాఁటికి అట్టి స్త్రీలు లోకమున నుండిరో, శబ్దసాధనకై కల్పింపఁబడిరో నిర్ణయించుట ప్రకృతము కాదు. మా చదువునాళ్లలో ఈ రూపములను వల్లించితిమే కాని, స్వయముగా వ్యాఖ్యానించిన స్త్రీ నొక్కతెనైన నిదర్శనముగాఁ జూపిన గురువు లేఁడు. చూపఁదగిన నిదర్శనము పందొమ్మిదవ శతాబ్దిలోనే కలదు.

1878వ సంవత్సరమున కలకత్తా నగరమందు పండితులు ఇరువదేండ్ల కన్యక నొకతెను బరీక్షించి "పండితా" యనియు, "సరస్వతీ" యనియు బిరుదము లొసంగిరి. ఆ కన్యక రమాబాయి. పండితా శబ్దము టాబంతము. పండితుని భార్య యను నర్థము దానికి రాదు. శాస్త్రజ్ఞానము కలది యనియే యర్థము. తెనుఁగున ఆకారాంత స్త్రీలింగ తత్సమములకు హ్రస్వము విహితమగుటచే మనము "పండిత రమాబాయి" యని వ్రాయుచున్నాము. అది లక్షణవిరుద్ధము కాదు. కాని ఆ హ్రస్వమువలన స్త్రీప్రత్యయము చెవికి వినఁబడకపోయి, ఏదో పండితవంశమునఁ బుట్టిన రమాబాయి యని విద్యార్థు లర్థము చేసికొనుట నేను పలుమాఱు వింటిని. అందుచే ఈ వ్యాసమునకు శీర్షికయందు దీర్ఘమునే నిలిపితిని.

రమాబాయినిగుఱించి వ్రాసినవారు ప్రాయికముగా రెండు పక్షముల వారు. క్రైస్తవమతము స్వీకరించె నని నిందించినవారు కొందఱు. స్వీకరించె నని కొనియాడినవారు కొందఱు. ఉభయులకును మతాంతరమే ప్రధానవిషయమై, బిరుదార్థము వెనుకఁబడినది. స్త్రీకి శాస్త్ర మేమి యనుమతించు నని పురుషులు తమలోఁ దాము వాదించుకొనుచుండిన కాలమున, ఆ శాస్త్రమును దానే తెఱచి, చదివి, యర్థము చెప్పిన స్త్రీ యామె. ఆమె ప్రభావములో స్థిరముగా నిలిచినది ఈ యంశమే యనియు, అది ఆమె పేరు చెప్ప నిష్టపడని వారి చేతులమీఁదుగాఁ గూడ వ్యాపించిన దనియు నా యభిప్రాయము.

ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుఁడు. పూనాలో రామచంద్రశాస్త్రి సాఠేయొద్ద విద్య నభ్యసించినవాఁడు. ఆ గురువు రెండవ బాజీరావు పేష్వా రాణికి సంస్కృతము చెప్ప నేగుచుండెడివాఁడు. స్త్రీ సంస్కృతము చదువుట యప్పుడు విని, శిష్యుఁడు ఆశ్చర్యపడి, తన భార్యకును నేర్పవలె నని తలఁచెను. ఇంటి పెద్దలు సమ్మతింపలేదు. ఆమె గతించిన పిమ్మట లక్ష్మీబాయి యను తొమ్మిదేండ్ల బాలికను వివాహమాడి, ఆమెకుఁ దన సంకల్పము ప్రకారము చదువు చెప్పెను. నలువది దాఁటినవాఁడు తొమ్మిదేండ్ల బాలికను బరిణయ మాడుటయు, ఆ బాలికకే శాస్త్రము నేర్పుటయు ఒక్కని చరిత్రలోఁ గానవచ్చుచున్నవి. స్త్రీవిద్య విషయమునఁ గాలమునకు ముందు నడచినవాఁడు వివాహవిషయమునఁ గాలముతోనే నడచెను.

స్త్రీకి దేవభాష నేర్పుచున్నాఁ డని స్వజనులు మొఱపెట్టుకొనఁగా, వివాదము ఉడుపి మాధ్వపీఠమువఱకుఁ బోయెను. అచ్చటఁ బండితసభ కూడెను. అనంతశాస్త్రి ప్రమాణవచనముల నేర్చి కూర్చి తన పక్షమును నిలిపికొనెను. స్త్రీలకును శూద్రులకును సంస్కృత పురాణవాఙ్మయము నేర్పుట దోషము కాదని సభ యంగీకరించె నని రమాబాయి వ్రాసియున్నది. వేదము మాత్రము ఆ యంగీకారములోఁ జేరలేదు. అనంతశాస్త్రియు ఆ హద్దును దాఁటఁగోరలేదు. శాస్త్రమువలన లభించిన యధికారమునకు శాస్త్రమే యెల్ల యని యాయన నమ్మకము. కుమార్తెకు ఆ నమ్మక మెట్లు సడలెనో ముందు చూతము.

పశ్చిమాద్రులలో గంగామూల యను నరణ్యస్థానమున 1858 ఏప్రిల్ 23వ తేదిని రమాబాయి జనించెను. ఆఱునెలల శిశువుగా నున్నపుడే, బెత్తపు పెట్టెలోఁ బెట్టి కూలివాని నెత్తిమీఁద ఆమెను గొండ దింపించి, కుటుంబము తీర్థయాత్రకు బయలుదేఱెను. ఆ యాత్రకు మఱి ముగింపు లేకపోయినది. ఆ శిశువునకు ఇల్లు లేదు, ఊరు లేదు. ఎనిమిదవ యేఁటనుండి తల్లియే గురువు. అంతకు ముందే తండ్రి వృద్ధుఁడై కన్నులు మందగించియుండెను. పదునెనిమిదివేల గ్రంథము గల భాగవతమును ఆమె కంఠస్థము చేసెను.

వారి జీవనోపాధి పురాణపఠనము. గుడి మంటపమునందో, నదీతీరమందో గ్రంథము విప్పి యుచ్చైస్స్వరమున సంస్కృతము చదువుట. వచ్చిన భక్తులు పుస్తకమునకు మ్రొక్కి, పూవులు, పండ్లు, నాణెములు పెట్టిపోవుట. విన్నవారికి అర్థమయినను గాకున్నను శ్రవణమే పుణ్య మని విశ్వాసము. వచ్చిన ధనములోఁ జాలభాగము మరల దానములకే వ్యయమగుచుండెను. వేఱు వృత్తి యొకటి నేర్చుట గాని, బిడ్డలకు లౌకికవిద్య చెప్పించుట గాని ధర్మమునకుఁ దగదని యనంతశాస్త్రి మతము. ఈ యంశమును రమాబాయి తరువాత మిక్కిలి దుఃఖముతోఁ దలఁచుకొనెను.

ఇచ్చట ఈ చరిత్ర మన దేశములోనికి వచ్చుచున్నది. 1874 ప్రాంతమున చెన్నపురి రాజధానియందలి కఱవులో ఆ కుటుంబము తిరుపతికొండమీఁదఁ జిక్కుకొనెను. నగలు పోయెను, రాగి యిత్తడి పాత్రలు పోయెను, కడపటి గింజయుఁ దీఱెను. బిచ్చమెత్తుటకు అభిమాన మడ్డము వచ్చెను. కూలిచేయుటకు జాతిగర్వ మడ్డము వచ్చెను. అందఱును గూడి యాలోచించి, అడవిలోనికిఁ బోయి ప్రాణములు విడుచుట మే లని నిశ్చయించి, రాత్రివేళ బస విడిచి శేషాచలారణ్యమును బ్రవేశించిరి. పదునొకండు దినములు నీరును, ఆకులును, పిడికెఁడు అడవియీఁతపండ్లును వారి యాహారము. కన్నులు గానని వృద్ధుఁడు పుణ్యతీర్థములో మునిఁగి దేహము విడువ నుద్యుక్తుఁడై, బిడ్డలకుఁ దుదిమాటలు చెప్పెను. అప్పుడు కుమారుఁడు శ్రీనివాసుఁడు, తాను అభిమానము విడిచి కూలిపని చేసియైనఁ దలిదండ్రులను బోషింతు నని చెప్పఁగా, వారు మరల జనపదమునకు మరలిరి. ఆ మాట వచ్చుటకుఁ బదునొకండు దినముల యుపవాసము పట్టినది! తండ్రి కొలఁదిదినములలోనే గతించెను. పిమ్మట రాయచూరు చేరునప్పటికిఁ దల్లి జ్వరపీడితురాలు. తల్లికొఱకు రమాబాయి యొక యింటి యిల్లాలియెదుట నిలిచి, యడుగ నోరురాక కన్నీరు పెట్టుకొని, సజ్జరొట్టె ముక్కను దెచ్చెను. తల్లి దానిని దినఁజాలదయ్యెను. ఆమెయు, తరువాత అక్కయు గతించిరి.

తిరుమలకొండకుఁ బోవునపుడు ఆళ్వారులను, అన్నమాచార్యులను స్మరింతుము, ఉచితమే. అష్టాదశపురాణములను నోట నుంచుకొన్న కుటుంబము ఆ యడవిలోనే ఆకులు నమలి బ్రదికిన దన్న సంగతి మన స్థలచరిత్రలలోఁ గూడఁ గొంత చోటు పొందఁదగినది.

అన్నాచెల్లెండ్రు వేలమైళ్లు కాలినడకను దిరిగి, 1878లో కలకత్తా చేరిరి. మహేశచంద్ర న్యాయరత్నము, టానీ, గఫ్ మొదలగు విద్వాంసుల యెదుటఁ బరీక్ష జరిగి, పైఁ జెప్పిన బిరుదములు వచ్చెను. ఆ సన్మానమున కంటె ముఖ్యమైనది దానివెనుక వచ్చిన కోరిక. ఘోషాస్త్రీలకు శాస్త్రోక్తములైన స్త్రీధర్మములను ఉపన్యసింపు మని పండితు లామెను గోరిరి. ఉపన్యసించుటకై ఆమె ధర్మశాస్త్రములను మొదటిసారి శ్రద్ధగాఁ జదివెను. అంతవఱకుఁ బురాణము లామెకుఁ బారాయణగ్రంథములు. ఇప్పుడు ధర్మశాస్త్రములు పరీక్ష్యగ్రంథము లయ్యెను. ఒక స్మృతికిఁ దక్కిన స్మృతులతో, ఇతిహాసములతో ఎన్నియో విషయములందు విరోధము కానవచ్చెను. స్త్రీస్వభావము దుష్ట మనుటయందును, స్త్రీకిఁ బురుషునివలె మోక్షాధికారము లేదనుటయందును మాత్రమే అన్నియు నేకవాక్యత పొందుచున్న వని ఆమె కనుఁగొనెను. ఈ నిర్ణయమునందుఁ బండితులకు విప్రతిపత్తి యుండవచ్చును. నాకును గొంత కలదు. మైత్రేయీ గార్గుల ప్రసంగములను ఆమె తగినంత లెక్కింపలేదని నా తలంపు. కాని ఏకవాక్యతావిచారముచేత గ్రంథరాశిని బరీక్షించుట మీమాంసకుల పద్ధతియే కదా. కేశవచంద్రసేనుఁ డామె చేతికి వేదపుస్తకము నిచ్చి చదువు మనఁగా, స్త్రీకి నిషిద్ధ మని యామె మొదట వెనుదీసెను, పిమ్మటఁ జదివెను. ఉడుపిలోఁ దండ్రి నిలిచిన హద్దును గుమార్తె కలకత్తాలో దాఁటెను.

ఈశ్వరచంద్ర విద్యాసాగరుఁడు 1855లో విధవావివాహమును బరాశరస్మృతిచే సమర్థించెను. మఱుసటి యేఁడు చట్టము వచ్చెను. మన కందుకూరి వీరేశలింగము పంతులు 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున మొదటి విధవావివాహమును జరిపించెను. ఆయనయు శాస్త్రచర్చలను విడువలేదు. వారి యుపకృతి కొనియాడఁదగినది. కాని ఆ వాదములన్నిటను వాదించువాఁడును, ప్రతివాదించువాఁడును, తీర్పు చెప్పువాఁడును బురుషుఁడే. స్త్రీ వాదమునకు విషయము మాత్రమే. రమాబాయి వచ్చిన పిమ్మట ఆ వ్యవస్థ మాఱెను. ప్రమాణములను బ్రతివాది యెంత నేర్పుతో నుదాహరించునో, అంత నేర్పుతో నుదాహరింపఁగల స్త్రీ సభలో నిలిచెను. మొదటి భేద మిది.

1880లో అన్న గతించెను. ఆ యేఁడే బ్రాహ్మసమాజీయుఁడును న్యాయవాదియు నగు బిపినబిహారీదాస మేధావిని సివిలు చట్టము ననుసరించి ఆమె వివాహమాడెను. ఆయన శూద్రకులజుఁడు; శాస్త్రపరిభాషలో ఇది ప్రతిలోమము. 1881లో మనోరమ యను కూఁతురు పుట్టెను. 1882 ఫిబ్రవరిలో భర్త విషూచిచే మరణించెను. వైధవ్యమునుగుఱించి అంతవఱకుఁ జదివినది ఇప్పు డామెకు అనుభవమయ్యెను.

అదే యేఁడు పూనా చేరి ఆర్యమహిళాసమాజమును స్థాపించెను. స్త్రీధర్మనీతి యను మరాఠీగ్రంథమును బ్రకటించెను. విద్యావిషయమై ప్రభుత్వము నియమించిన హంటరు కమిషను పూనాకు వచ్చినపుడు మరాఠీలో సాక్ష్య మిచ్చెను. చదువుకొన్న పురుషులు నూటికిఁ దొంబదితొమ్మండుగురు స్త్రీవిద్యకుఁ బ్రతికూలు రని నిర్భయముగాఁ జెప్పెను. స్త్రీలే యుపాధ్యాయలుగాఁ దయారు కావలె ననియు, బాలికాపాఠశాలలను స్త్రీలే తనిఖీ చేయవలె ననియు, పురుషవైద్యుని యెదుటికి రాఁజాలక ప్రాణములు పోఁగొట్టుకొను స్త్రీలకై స్త్రీవైద్యులు కావలె ననియు ఆమె వాదము. హంటరు ఆ సాక్ష్యమును ఆంగ్లమునకుఁ బరివర్తన చేయించి ప్రత్యేకముగా నచ్చు వేయించెను. 1885లో డఫరిన్ ప్రభువు పత్ని పేర స్త్రీవైద్యనిధి యేర్పడుటకు దారితీసిన కారణములలో ఆ సాక్ష్యము నొకటిగాఁ బలువురు గణించిరి. ఉపాధ్యాయశబ్దమునకు స్త్రీప్రత్యయము చేర్చుటకు వైయాకరణుల యనుమతి ఎప్పుడో కలదు. ఉద్యోగపట్టికలోఁ జేర్పుఁ డని యడిగినది రమాబాయి.

1883లో ఆమె వైద్యవిద్య నభ్యసించు నుద్దేశముతో ఇంగ్లండునకు వెడలెను. చెవుడు మొదలగుటచే ఆ యుద్దేశము నెఱవేఱలేదు. ఆ యేఁడు సెప్టెంబరు 29వ తేదిని వాంటేజి పట్టణమందలి క్రైస్తవసన్న్యాసినుల మఠమున బాప్తిస్మము పొందెను. ఇది విని మహారాష్ట్రము క్షోభించెను. నాకును ఆ మతాంతరము హృద్యము కాదు. కాని ఆ పిమ్మట జరిగిన దానిని విమర్శకులు చదివినట్లు తోఁపదు. చెల్టెన్‌హాము స్త్రీకళాశాలలో ఆమె సంస్కృతము బోధించుచుండఁగా, పురుషవిద్యార్థులకుఁ గూడఁ జెప్పవచ్చునా యను ప్రశ్న వచ్చెను. బొంబాయి, లాహోరు బిషప్పులు కూడదని యడ్డుపడిరి! ఉడుపిలో స్త్రీ చదువవచ్చునా యని ప్రశ్న. చెల్టెన్‌హాములో స్త్రీ పురుషునకుఁ జెప్పవచ్చునా యని ప్రశ్న. దేశము మాఱెను, మతము మాఱెను, అధికారప్రశ్న మాఱలేదు. ఆమె యుత్తరమును మాఱలేదు. తన యంతఃకరణమును ఒకరి చేతి కప్పగించుటకుఁ గాదు తాను క్రైస్తవురాలైన దని మఠమువారికి లేఖలు వ్రాసెను. ధరించు శిలువమీఁద లాటిను వాక్య మేల, సంస్కృత మేల కూడ దని వాదించెను. లాటినుకంటె మన ప్రాచీనభాష యేమి తక్కువ యని యామె ప్రశ్న. మతము విడిచినది కాని, భాష విడువలేదు. సిద్ధాంతవిషయములలో నామెను లొంగదీయ లేమని మఠమువారే విసిగిరి.

1886లో, ఫిలడెల్ఫియా స్త్రీవైద్యకళాశాలలో తన బంధువు ఆనందీబాయి జోషి పట్టము పొందు మహోత్సవమును జూచుటకు అమెరికా వెడలి, అచ్చట రెండేండ్లకుఁ బైగా నుండెను. 1887లో ఉన్నతకుల హిందూస్త్రీనిగుఱించిన ఆంగ్లగ్రంథమును అచ్చటనే ప్రకటించెను. పాఠశోధకులకు అందొక ఘట్టము ముఖ్యము. సహగమనమునకుఁ బ్రమాణముగాఁ జూపఁబడిన ఋగ్వేదమంత్రములో "అగ్రే" యను శబ్దమును "అగ్నేః" యని మార్చి చదివినందున, "ముందుగా" నను నర్థము పోయి "అగ్నియొక్క" యను నర్థము వచ్చిన దని మాక్సుమ్యూలరు చూపియుండెను. రమాబాయి ఆ పాఠచర్చను దన గ్రంథమున నుపయోగించెను. ఒక్క వర్ణపు మార్పుచేత ప్రాణములు పోవు ననుటకుఁ బాఠశోధనచరిత్రలో ఇంతకంటె ఘోరమైన నిదర్శనము నే నెఱుఁగను. ఆ సంగతిని ఒక స్త్రీ, అందును విధవ, లోకమునకుఁ జెప్పుట వేఱు; ఒక ప్రొఫెసరు చెప్పుట వేఱు.

ఆ గ్రంథమువలనఁ జేకూఱిన యభిమానముతో బోస్టనులో రమాబాయి సంఘ మేర్పడి ధన మిచ్చుట కొప్పుకొనెను. 1889 మార్చి 11వ తేదిని బొంబాయిలో శారదాసదన మను విధవావిద్యాలయమును ఆమె తెఱచెను. క్రైస్తవురాలు సరస్వతి పేర విద్యాలయము పెట్టుట గమనింపఁదగినది. మఱుసటి యేఁడు సదనము పూనాకు మాఱెను. బ్రాహ్మణవిధవల యాచారమునకు భంగము లేకుండ వంటయిల్లు నడపఁబడెను. రానడే, భండార్కరు వంటి పెద్దలు సలహాసంఘమున నుండిరి. కాని రమాబాయి తన ప్రార్థనకుఁ దలుపులు మూయలేదు. రాఁదలఁచిన బాలికలు వచ్చి కూర్చుండుచుండిరి. తెఱచిన తలుపు బలవంతము కాదని యామె పక్షము. అనాథబాలికకుఁ దెఱచిన తలుపే యాకర్షణ మని పెద్దల పక్షము. రెండును నిరాధారములు కావు. 1893లో రానడే, భండార్కరులు సంఘమును విడిచిరి; అనేకులు తమ బాలికలను దీసికొనిపోయిరి. కేసరి పత్రికయు విరోధియే. విమర్శకులు శారదాసదనచరిత్రను ఇచ్చటఁ దుదముట్టింతురు.

నిజమునకు ఆ ప్రభావము అప్పుడే వేఱుత్రోవఁ బట్టెను. సదనమున మొదట చేరిన విధవలలో గోదూబాయి యొకతె. 1893లోనే ఫెర్గూసను కళాశాలలో గణితోపాధ్యాయుఁడైన ధోండో కేశవ కర్వే ఆమెను వివాహమాడెను. కర్వే 1896లో పూనాయందు హిందూవిధవలకై యాశ్రమమును స్థాపించి, పిమ్మట హింగణే గ్రామమునకు మార్చెను. విధవకుఁ దల దాఁచుకొన నొక యిల్లు, ఆ యింటిలోనే బడి, బడినుండి యుపాధ్యాయవృత్తి: ఈ మాతృక శారదాసదనముదే; మతశంక మాత్రము తొలఁగింపఁబడెను. గోదూబాయి చెల్లెలు పార్వతీబాయి ఆఠవలే, తానును విధవయై, ఆ యాశ్రమమునకై యూరూరఁ దిరిగి, అమెరికావఱకును బోయి ధనము గూర్చెను. 1916లో కర్వే స్త్రీలకై విశ్వవిద్యాలయమును నెలకొల్పెను; 1920లో ఠాకర్సీ కుటుంబము పదునైదులక్షల రూపాయ లీయఁగా దానికి నాథీబాయి దామోదర ఠాకర్సీ పేరు వచ్చెను. శారదాసదనమునకుఁ బిల్లలను బంప మని చెప్పినవారి మనుమరాండ్రు ఆ విశ్వవిద్యాలయమునఁ బట్టములు పొందియుందురు. రమాబాయిని నిరాకరించిన సమాజమే ఆమె పద్ధతిని స్వీకరించిన దనుట కింతకంటె నేమి కావలెను?

రమాబాయి త్రోవ కేడ్గామునకుఁ బోయినది. పూనాకు సమీపమున ఆ గ్రామములో భూమి కొని ముక్తిసదనమును గట్టించుకొనెను. 1897లో మధ్యపరగణాలలోఁ గఱవు రాఁగా, స్వయముగా వెళ్లి మూఁడువందలవఱకు స్త్రీలను, బాలికలను దీసికొనివచ్చెను. 1900 నాఁటి గుజరాతు కఱవు తరువాత అక్కడివారి సంఖ్య రెండువేలవఱకుఁ బెరిగెను. ఎముకలగూళ్లవంటి పిల్లలను జూచినపుడు తిరుపతి యడవి తనకు జ్ఞప్తికి వచ్చె నని యామెయే వ్రాసెను. ఆ జ్ఞాపకము జాలితో నాఁగలేదు. ముక్తిసదనమునఁ జదువుతోఁ బాటు నేఁత, కుట్టుపని, గానుగ, పాడి, సేద్యము, అచ్చుపని నేర్పఁబడెను. అంధురాండ్రకును విద్య యేర్పడెను. భాగవతమంతయు నోట నున్నను బూఁటకు గింజ సంపాదింపలేక తన తలిదండ్రులు నశించిన రీతిని గన్నులారఁ జూచిన స్త్రీకిఁ గాక, విద్యకు వృత్తిని జోడింపవలె నను పట్టుదల వేఱొకరి కంత బలముగా నుండదు. పండితకులమువారము ఈ భాగమును మఱికొంత నిదానముగాఁ జదువవలసియున్నది. మనలో నెందఱిండ్లలోనో ఇట్టి యాఁకలికథ కలదు, అభిమానముచేతఁ జెప్పికొనము. ఆమె చెప్పెను.

సంస్కృతవిద్యాచరిత్రలు వ్రాసినవారు ఆమెను విడిచిపెట్టుటకు, సంస్కృతమున గొప్ప గ్రంథము రచింపలేదను కారణము చెప్పవచ్చును. అయినచో గ్రంథరచన చేయని శతాధికశాస్త్రుల పేరులు ఆ చరిత్రలలో నేల యున్నవి? పాఠము చెప్పి, సభ గెలిచి, బిరుదము పొందినంతమాత్రముననే వారు గణింపఁబడిరి. ఆమెకును ఆ మూఁడును గలవు. మతమే కారణ మందు రేని, అమరసింహుఁ డే మతమువాఁడో విచారించి మనము కోశమును వల్లించుట మానితిమా? 1989లో భారతప్రభుత్వము ఆమె పేరఁ దపాలాబిళ్లను విడుదల చేసినది. పండితుల పట్టిక లింకను వెనుకనే యున్నవి.

చివర పదునైదేండ్లకుఁ బైగా ఆమె చేసిన పని బైబిలు మరాఠీ పరివర్తనము. అందుకై నడివయసున హీబ్రూ, గ్రీకు భాషల నేర్చెను. అంతకు ముందున్న పరివర్తనములు సంస్కృతపదభూయిష్ఠములై పల్లెస్త్రీలకుఁ దెలియకున్నవని, వారు మాటలాడు మరాఠీలోనే వ్రాసెను. సరస్వతీ బిరుదాంకితురాలు తత్సమములను ఏఱి పాఱవేయుట చూచి, గ్రాంథికాభిమానినగు నాకుఁ గొంత నొప్పి కలిగినమాట నిజము. పురాణమును అర్థము కాని శ్రోతలయెదుట నేండ్లకొలఁది చదివిన స్త్రీ యామె యని జ్ఞప్తికిఁ దెచ్చుకొన్నపుడు ఆ నొప్పి తగ్గినది. 1921 జూలైలో కూఁతురు మనోరమ గతించెను. 1922 ఏప్రిల్ 5వ తేదిని రమాబాయి కేడ్గాములోఁ గాలధర్మము నొందెను. పరివర్తనము అప్పటికి ముగిసియుండెను. సంపూర్ణగ్రంథము 1924లో వెలువడెను. దానికి అక్షరములు గూర్చినవారును, ముద్రాయంత్రము నడపినవారును కఱవునాఁడు ఆమె వెంటఁ గేడ్గామునకు వచ్చినటువంటి స్త్రీలే.